పూస బెజ్జం నుంచి డ్రిల్ బిట్ దాకా

బెజ్జం లేకపోతే పూస ఉత్త గులకరాయి. పుదుచ్చేరి మ్యూజియంలో అరికమేడు పూసల ముందు నిలబడ్డప్పుడు రంగుల కన్నా ముందు చూడాల్సింది ఆ బెజ్జాలనే.

పట్నానికి దక్షిణంగా నాలుగు కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం ఏటి ఒడ్డున ఉంది అరికమేడు. 1945లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్వకాలు జరిపి, రోమ్‌తో వర్తకం చేసిన రేవుగా దాన్ని లోకానికి పరిచయం చేశాడు. అక్కడ గాజు పూసలూ, రాతి పూసలూ తయారయ్యేవి. గాజుకు కష్టం లేదు. కరిగిన ముద్దను గొట్టంగా లాగితే బెజ్జం దానంతటదే వస్తుంది. అగేట్, కార్నీలియన్ లాంటి రాళ్ళతోనే చిక్కు. అవి ఇనుము కన్నా గట్టివి. మామూలు ఇనుప మొన వాటిమీద అరిగిపోతుందే తప్ప లోపలికి దిగదు.

ఈ చిక్కును మన పనివాళ్ళు ఎలా విప్పారో గుజరాత్‌లోని ఖంభాత్ చూపిస్తుంది. అక్కడ బరమా కొసన రెండు వజ్రపు రవ్వలు పొదుగుతారు. దాన్ని విల్లుతో తిప్పుతూ, నీటి బొట్లు వేస్తూ తొలుస్తారు. సగం ఇటు నుంచి, సగం అటు నుంచి తొలిచి నడుమ కలుపుతారు. ఒకే వైపు నుంచి పోనిస్తే అవతలి అంచు పెచ్చులు లేచిపోతుంది. మొన గట్టిదై ఉండాలి, వేడి ఎక్కకూడదు, అవతలి అంచును కాపాడాలి: బెజ్జం విద్య మొత్తం ఈ మూడు మాటల్లోనే ఉంది.

ఇనుము తొలిచే బిట్టుకు మాత్రం ఇంకో బాధ మిగిలింది. తొలిచిన పొట్టు లోపలే ఇరుక్కునేది. అమెరికాలో స్టీఫెన్ మోర్స్ 1863లో పేటెంట్ పొందిన మెలి బిట్ ఆ పొట్టును గాడుల వెంట పైకి ఎత్తిపోసింది. 1900 నాటికి వచ్చిన హైస్పీడ్ స్టీలు, మొన ఎర్రగా కాలినా పదును పోకుండా నిలిపింది.

ఇప్పుడు మీ చేతిలోని బిట్ల పెట్టె తెరవండి. నడుమ ములుకు, అంచున రెండు కత్తుల్లాంటి కొనలు ఉన్నది చెక్క బిట్. ములుకు జారకుండా పట్టుకుంటుంది, అంచులు నార చీలకుండా ముందే కోస్తాయి. ఇనుము బిట్ మొన సాధారణంగా 118 డిగ్రీలు. స్టెయిన్‌లెస్ స్టీలుకైతే 135 డిగ్రీల కోబాల్ట్ బిట్ మేలు. ఇనుముకు ముందు పంచ్‌తో చుక్క కొట్టండి, నూనె చుక్క వేయండి. మామూలు ఇనుములో 3 మిల్లీమీటర్ల బిట్ నిమిషానికి దాదాపు 2500 చుట్లు తిరగవచ్చు; 10 మిల్లీమీటర్లదైతే 800 చాలు. చెక్క కింద పనికిరాని ముక్క ఒకటి బిగించండి. అవతలి అంచు పెచ్చు లేవదు. పూసను తిప్పి తొలిచినవాడు చేసిందీ ఇదే.

బిట్ పొగ చిమ్మితే ఇంకా గట్టిగా నొక్కకండి. ఆపి, మొన చూడండి.