మైక్రోఫోనుకు నిలకడ

ధ్వనిముద్రణలో కళాకారుల నైపుణ్యంతోపాటు మైక్రోఫోనును నిలిపే తీరుకు కూడా ఎంతో ప్రాధాన్యం ఉంది. స్టూడియోలలో వాడే చిన్న కండెన్సర్ మైక్రోఫోను లోపల అతి పలుచని పొర ఒకటి ఉంటుంది. ధ్వని తరంగాలు తాకినప్పుడు ఆ పొర కంపిస్తుంది. ఆ కంపనమే విద్యుత్ సంకేతంగా మారుతుంది. అయితే స్టాండు ద్వారా వచ్చే అదురుకు కూడా ఆ పొర స్పందిస్తుంది. నాదమేదో, అదురేదో దానికి తెలియదు.

వీణావాదనాన్నే ఉదాహరణగా తీసుకోవచ్చు. వైణికులు నేలపై కూర్చుని వాయిస్తారు కనుక మైకును పొట్టి స్టాండుకు బిగించి వీణకు దగ్గరగా ఉంచుతారు. పక్కన ఎవరైనా అడుగు వేస్తే ఆ అదురు నేల నుండి స్టాండుకు, స్టాండు నుండి మైకుకు చేరి గంభీరమైన చప్పుడుగా నమోదవుతుంది. అది వీణ మంద్రస్థాయి నాదంతో కలిసిపోతే, తరువాత వేరుచేయడం కష్టం.

దీనిని నివారించడానికి మైకును సాగే రబ్బరు పట్టీల మధ్య వేలాడదీసే చట్రాన్ని వాడతారు. దీనిని షాక్ మౌంట్ అంటారు. నేల అదురును ఆ పట్టీలు చాలావరకు అణచివేస్తాయి. కేబులు బిగుతుగా ఉంటే అదురు దాని మీదుగా మైకును చేరుతుంది. అందువల్ల మైకు వద్ద కేబులును కొంత వదులుగా ఉంచి, మిగిలిన భాగాన్ని స్టాండుకు కట్టాలి. స్టాండు మర సాధారణంగా 3/8 లేదా 5/8 అంగుళం ఉంటుంది. చట్రం మర దానికి సరిపోకపోతే మధ్యలో అడాప్టర్ బిగించాలి. స్టాండుకు పొడవైన అడ్డకడ్డీ ఉన్నప్పుడు మూడు కాళ్లలో ఒకటి ఆ కడ్డీ కిందకు వచ్చేటట్లు నిలిపి, అడుగున ఇసుక సంచి ఉంచితే స్టాండు ఒరిగిపోదు.

తప్పిన స్వరాన్ని వైణికులు మళ్లీ వాయించగలరు. కాని మనోధర్మంతో ఒక్కసారి పలికిన రాగాలాపన యథాతథంగా తిరిగి రాదు. కాబట్టి మైకు బిగింపును వాదనం మొదలుకాకముందే సరిచూసుకోవాలి.