అడ్డం తిరిగిన బొమ్మ, జారిపోయిన గొంతు

గోదావరిఖనిలో బాయి పని చేసి రిటైరైన పెద్దల హాజరు కంపెనీ మస్టర్లలో ఉంది. వాళ్ల మాట ఎక్కడుంది? భూమి లోపల టబ్బులు నింపిన మాల, మాదిగ ఫిల్లర్ల చరిత్ర ఎక్కువ భాగం ఇంకా వాళ్ల నోట్లోనే ఉంది. దాన్ని పట్టుకోవడానికి ఇవాళ మన చేతిలో ఉన్న సాధనం సెల్‌ఫోన్. అయితే వీడియో తీయడంతోనే పని అయిపోదు.

మా వాడకట్టులో ఒక పెద్దాయనతో 1981 నాటి 56 రోజుల సమ్మె గురించి అరగంట మాట్లాడించి ఫోన్ల తీసిన. మీటింగుల టీవీకి పెడితే మనిషి అడ్డం పడి కనిపించిండు. ఏదో సాఫ్ట్‌వేర్‌తో తిప్పి కొత్త ఫైలు చేస్తే, మొదట్ల బాగనే ఉంది గని చివరికొచ్చేసరికి పెదవులది ఒక మాట, గొంతుది ఒక మాట. “ఇది అతికించిందా?” అని ఒకాయన అడిగిండు. మన మాటను మొదటినుంచీ అనుమానించే సమాజంలో ఫైలు తప్పు మనిషి తప్పుగా మారిపోతుంది. అందుకే ఈ రెండు తప్పులు ఎక్కడ పుడతాయో మనకు తెలియాలి.

మొదటిది, అడ్డం తిరగడం. ఫోన్ నిలువుగా పట్టుకున్నా లోపలి కెమెరా బొమ్మను అడ్డంగానే రాస్తుంది. “చూపేటప్పుడు 90 డిగ్రీలు తిప్పు” అని ఫైలులో ఒక గుర్తు మాత్రం పెడుతుంది. ఆ గుర్తును చదివే యంత్రంలో బొమ్మ నిలబడుతుంది, చదవని పాత టీవీలో పడుకుంటుంది.

రెండోది, గొంతు జారడం. ఫోన్ సెకనుకు 30 ఫ్రేములు తీస్తానంటుంది కానీ ఎప్పుడూ అన్నే తీయదు. చీకటి గదిలో వెలుతురు చాలక ఒక్కో ఫ్రేముకు ఎక్కువ సమయం పట్టి సంఖ్య తగ్గుతుంది. క్వార్టర్‌లో ఒక్క బల్బు కింద తీసిన వీడియోలో జరిగేది ఇదే. ప్రతి ఫ్రేము ఏ క్షణానిదో ఫైలులో రాసి ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లు దాన్ని పట్టించుకోక అన్ని ఫ్రేములూ సమానమే అనుకుంటాయి. లెక్క చూద్దాం. అరగంటకు 54,000 ఫ్రేములు ఉండాలి. నిజంగా ఉన్నవి 53,100 అనుకోండి. సెకనుకు 30 చొప్పున నడిపితే బొమ్మ 29 నిమిషాల 30 సెకన్లకే అయిపోతుంది. గొంతు మాత్రం పూర్తి అరగంట ఉంటుంది. ఈ 30 సెకన్ల తేడా కొంచెం కొంచెంగా పెరిగేదే కాబట్టి మొదట్లో మనకు కనబడదు.

ఇక చేయాల్సింది. ముందు అసలు ఫైలును ముట్టకుండా రెండు చోట్ల దాచాలి. వాట్సాప్‌లో పంపాల్సి వస్తే డాక్యుమెంట్‌గానే పంపాలి, మామూలు వీడియోగా పంపితే అది కుదించేస్తుంది. తర్వాత మీడియాఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తెరిచి ఫ్రేమ్ రేట్ మోడ్ ‘వేరియబుల్’ అని ఉందా, రొటేషన్ ఎంత ఉందో చూడాలి. తిప్పే గుర్తు ఒక్కటే తప్పయితే ఎఫ్ఎఫ్ఎంపెగ్‌లో ‘కాపీ’ పద్ధతిలో ఆ గుర్తునే మార్చిన ప్రతి తీయొచ్చు. బొమ్మ నాణ్యత ఏమీ పోదు. పాత టీవీకో ఎడిటింగుకో కావాలంటే హ్యాండ్‌బ్రేక్‌లో ‘కాన్‌స్టంట్ ఫ్రేమ్‌రేట్’ ఎంచుకోవాలి. అది ఖాళీ ఉన్నచోట పాత ఫ్రేమునే మళ్లీ పెట్టి కాలాన్ని సరిచేస్తుంది. తిప్పడం, సరిచేయడం రెండూ ఒకేసారి, అసలు ఫైలు నుంచే చేయాలి. మార్చినదాన్నే మళ్లీ మారిస్తే ప్రతిసారీ నాణ్యత కొంత పోతుంది. చివరగా మొదలు, మధ్య, చివర పెదవులూ గొంతూ కలిశాయా అని చూడాలి.

అసలు ఫైలు ఎందుకంత ముఖ్యం? 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ కింద, కోర్టుకు ఎలక్ట్రానిక్ రికార్డు ఇచ్చేటప్పుడు జతచేసే సర్టిఫికెట్‌లో హాష్ విలువ రాయాలి. హాష్ అంటే ఫైలు వేలిముద్ర. మక్కీకి మక్కీ నకలు తీస్తే అది మారదు. తిప్పే గుర్తు ఒక్కటి మార్చినా మారిపోతుంది. కాబట్టి చూపించడానికి ఒక ప్రతి, సాక్ష్యానికి అసలు ప్రతి వేరువేరుగా ఉండాలి. ఆ హాష్‌ను, తీసిన తేదీని, చోటును నోటుబుక్కులో రాసుకోవాలి.

పెద్దాయన వీడియో అసలు ఫైలు నా ఫోన్ల చెరపకుండ ఉన్నది కాబట్టి మళ్లీ సరిగ్గ చేయగలిగిన. చెరిపి ఉంటే ఆ అరగంటను మళ్లీ చెప్పుమని ఏ మొఖంతోని అడిగేది?