గోడ లోపల దాగే పనికీ గుర్తింపు ఉంది: మెష్, ఫాల్స్ సీలింగ్ పనివారికి సూచనలు

ఇల్లు కట్టిన ఏడాదికే పిల్లర్, గోడ కలిసేచోట నిలువునా బీట పడుతుంది. ఇంటి యజమాని ప్లాస్టరింగ్ మేస్త్రిని అంటాడు. చాలాసార్లు అసలు లోపం ప్లాస్టరింగ్ కింద ఉంటుంది. అక్కడ మెష్ కొట్టి ఉండరు, లేదా సరిగా కొట్టి ఉండరు. ఆ మెష్ కొట్టేది మీరే. పని పూర్తయ్యాక మీ చేతిపని ఎవరికీ కనిపించదు. అందుకే పనితనానికి సర్టిఫికెట్, కుటుంబ రక్షణకు లేబర్ కార్డు రెండూ మీ దగ్గర ఉండాలి.

పనిలో తెలియాల్సినవి

• కాంక్రీటు, ఇటుక ఎండకు ఒకేలా సాగవు. అందుకే అవి కలిసేచోట, కరెంటు పైపుల కోసం కొట్టిన గాడి మీద మెష్ తప్పనిసరి. జాయింట్‌కు రెండు వైపులా కనీసం 6 అంగుళాలు రావాలి.
• జింకు పూత ఉన్న మెష్‌నే వాడండి. లేకపోతే తుప్పు పడుతుంది.
• మెష్‌ను బిగుతుగా లాగి మేకులు కొట్టండి. వదులుగా ఉంటే ప్లాస్టర్ ఊగి ఊడుతుంది. కానీ గోడకు పూర్తిగా అంటించొద్దు. వెనక్కి సిమెంటు మాలు వెళ్తేనే పట్టు వస్తుంది.
• ముక్కలు కలిసేచోట ఒకదానిపై ఒకటి 4 అంగుళాలు ఎక్కాలి.
• ఫాల్స్ సీలింగ్‌లో ముందు గది చుట్టూ లెవెల్ గీత గీయండి. హ్యాంగర్లను స్లాబుకే బిగించండి. జిప్సం బోర్డుకు సెక్షన్ల మధ్య దూరం సాధారణంగా 18 అంగుళాలు. ఫ్యాన్ బరువు ఫ్రేము మీద పడకూడదు, స్లాబు హుక్కు మీదే పడాలి.
• మెష్ అంచు కత్తిలా కోస్తుంది. చేతులకు గ్లవ్స్, ఎత్తులో పనిచేస్తే బెల్టు, హెల్మెట్ తప్పక వాడండి.

శిక్షణ ఎక్కడ?

హైదరాబాద్‌లో 1998లో ఏర్పాటైన న్యాక్ (జాతీయ నిర్మాణ అకాడమీ) నిర్మాణ పనుల్లో శిక్షణ ఇస్తోంది. పని చేస్తూనే నేర్చుకున్నవారు బడికి వెళ్లలేదని వెనక్కి తగ్గక్కర్లేదు. ఉన్న అనుభవాన్నే పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఆర్‌పీఎల్ పద్ధతి ఉంది. మీ పనికి బ్యాచ్ ఎప్పుడు ఉందో ముందుగా అడగండి.

లేబర్ కార్డు ఎవరికి?

భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండలిలో చేరడానికి వయసు 18 నుంచి 60 ఏళ్ల మధ్య ఉండాలి. గత 12 నెలల్లో కనీసం 90 రోజులు నిర్మాణ పని చేసి ఉండాలి. మాలు మోసే ఆడవాళ్లూ అర్హులే. భర్తకు కార్డు ఉంది కదా అని భార్య ఊరుకోవద్దు, ఎవరి కార్డు వారిదే.

పని చేసిన రోజులు, సైటు, మేస్త్రి పేరు ఒక చిన్న నోటుబుక్కులో రాసుకోండి. 90 రోజులకు ఏ రుజువు కావాలో లేబర్ ఆఫీసులో అడిగినప్పుడు అది పనికొస్తుంది. కార్డు గడువు దాటకముందే రెన్యువల్ చేయించండి. గడువు దాటాక పరంజా మీద నుంచి పడితే, క్లెయిమ్ దగ్గర ఇబ్బంది పడేది ఇంట్లోవాళ్లే.

దళారికి డబ్బు ఇవ్వొద్దు. ఆధార్, బ్యాంకు పాస్‌బుక్కు, ఫొటోలు తీసుకుని నేరుగా మీసేవకో, లేబర్ ఆఫీసుకో వెళ్లండి. కట్టిన రుసుముకు రసీదు అడిగి తీసుకోండి.