ఉక్కపోతకు ఒళ్లు పేలుతోందా? చెమటకాయలకు పౌడర్ కన్నా గాలే అసలు మందు!

రాయలసీమలో ఎండ మాడ్చేస్తుంది.. కోనసీమలో ఉడకబెట్టేస్తుంది. అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు వాళ్లకి ఈ తేడా ఒకరు చెప్పక్కర్లేదు. చుట్టూ గోదావరి పాయలు, ఒకవైపు సముద్రం, ఎటు చూసినా కొబ్బరితోటలు. థర్మామీటర్‌లో అంకె మరీ ఎక్కువ కనిపించకపోయినా, గాలిలో తేమ వల్ల పట్టిన చెమట ఆరదు. స్నానం చేసి తుడుచుకునేలోపే మళ్లీ జిడ్డు. నాలుగు రోజులు ఇలాగే గడిస్తే మెడ మీద, వీపు మీద, మోచేతి మడతల్లో ఎర్రటి పొక్కులు.. సూదులతో గుచ్చినట్టు చురచుర. అవే చెమటకాయలు.

"మామిడిపళ్లు తిని వేడి చేసింది" అంటారు ఇంట్లో పెద్దవాళ్లు. పాపం, మామిడిపండు చేసిన తప్పేం లేదు. అసలు సంగతి చెమట రంధ్రాల దగ్గరుంది. ఎప్పుడూ తడిగా ఉండే చర్మం పైపొర నాని ఉబ్బి, ఆ రంధ్రాల మూతులు మూసుకుపోతాయి. బయటికి రావాల్సిన చెమట చర్మంలోనే చిమ్ముతుంది. డాక్టర్లు దీన్ని మిలియేరియా అంటారు. పైపొరలోనే ఆగితే నీటి బిందువుల్లాంటి పొక్కులు వస్తాయి. వాటికి దురద ఉండదు, వాటంతటవే పోతాయి. ఇంకాస్త లోపల ఆగితేనే ఈ ఎరుపు, ఈ మంట.

దాళ్వా కోతల్లో ఉన్నవాళ్లకి, కొబ్బరి దింపు కార్మికులకి, ఆత్రేయపురంలో పూతరేకుల కుండ ముందు గంటల తరబడి కూర్చునే మహిళలకి ఇది తప్పని బాధ. కానీ ఎక్కువ జాగ్రత్త కావాల్సింది నోరు లేని పసిపిల్లలకి.

బాలింత గదిలో ఫ్యాన్ ఆపేస్తున్నారా?

నెలల పిల్లల్లో చెమట నాళాలు ఇంకా పూర్తిగా ఎదగవు. తొందరగా మూసుకుపోతాయి. మన ఇళ్లలో ఏం చేస్తాం? మే నెలలో కూడా "బిడ్డకి గాలి తగలకూడదు" అని తలుపులు బిగిస్తాం. తలకి టోపీ, కాళ్లకి సాక్సులు. పైగా ఒళ్లంతా కొబ్బరినూనె పట్టించి, నైలాన్ చీర ఉయ్యాలలో పడుకోబెడతాం. బిడ్డ రాత్రంతా ఏడిస్తే దిష్టి తీస్తాం! ఒక్కసారి మెడ మడత విప్పి చూడండి, ఏడుపు ఎందుకో తెలుస్తుంది.

పలచటి కాటన్ చొక్కా ఒక్కటి చాలు. ఫ్యాన్ వేయండి, గాలి సూటిగా మొహానికి కొట్టకుండా చూసుకోండి. ఉయ్యాలకి పాత నేత చీర కట్టండి. చెమటకాయలు ఉన్నన్నాళ్లూ నూనె మర్దనా ఆపేయండి, రంధ్రాల మీద నూనె పేరుకుంటే ఇంకా మూసుకుపోతాయి. ఇంట్లో ఉన్నప్పుడు కాసేపు డైపర్ కూడా తీసేయండి.

మరి పౌడర్? పెద్దవాళ్లకి ఆ చల్లదనం కాసేపు హాయిగానే ఉంటుంది. కానీ తడి ఒంటి మీద గుప్పెళ్లతో కొడితే చెమటతో కలిసి ముద్దకట్టి మడతల్లో ఇరుక్కుంటుంది. పసిపిల్లలకైతే అసలు వద్దు, ఆ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి వెళ్తుంది.

చల్లటి నీళ్లతో స్నానం, రుద్దకుండా అద్ది ఆరబెట్టడం, గాలి తగలడం.. చాలామందికి ఈ మూడింటితోనే రెండు మూడు రోజుల్లో తగ్గుతుంది. కరెంటు పోయిన రాత్రి తడి కాటన్ గుడ్డ వేసి తీస్తూ ఉండండి. దురద మరీ ఎక్కువైతే కాలమైన్ లోషన్ పలచగా రాయొచ్చు. మన తాటిముంజల నీళ్ల సంగతి అడుగుతారు కదా.. శుభ్రమైన ముంజైతే ఆ నీళ్లు రాసుకుంటే చల్లగానే ఉంటుంది, కాసేపాగి కడిగేసుకోండి. గోకి పుండు చేసుకున్న చోట మాత్రం రాయకండి.

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే "దురద క్రీమ్" దగ్గర మాత్రం జాగ్రత్త. అలాంటి చాలా క్రీముల్లో స్టెరాయిడ్ ఉంటుంది. మీకున్నది చెమటకాయలు కాక తామర అయితే, రెండు రోజులు తగ్గినట్టే తగ్గి తర్వాత ఒళ్లంతా పాకుతుంది. గజ్జల్లో గుండ్రంగా, అంచులు ఎర్రగా ఉండి రోజురోజుకీ పెద్దదవుతుంటే అది తామరేమోనని అనుమానించి డాక్టర్‌కి చూపించండి.

పొక్కుల్లో చీము పట్టినా, చుట్టూ ఎరుపు వ్యాపించి వాచినా, జ్వరం వచ్చినా ఇంటి వైద్యం ఆపేసి దగ్గర్లోని పీహెచ్‌సీకి వెళ్లండి. మూడు నెలల్లోపు బిడ్డకి ఒళ్లు వెచ్చబడితే తెల్లారేదాకా ఆగొద్దు. ఇంకో సంగతి.. ఒళ్లంతా పేలినవాళ్లకి చెమట సరిగా బయటికి రాదు కాబట్టి ఒంట్లో వేడి దిగదు, వడదెబ్బ తొందరగా తగులుతుంది. అలాంటివాళ్లని మిట్టమధ్యాహ్నం పొలానికి పంపకండి.