‘సస్’... ఆ పొట్టి మాట వెనక అమ్మలు!

‘‘ఆంటీ, మా డబ్బాలో సున్నుండలు తగ్గిపోయాయి. అన్నయ్య చాలా సస్!’’ పక్కింటి పదేళ్ల పాప ఫిర్యాదు ఇది. ‘ఇదేం మాటే తల్లీ, తిట్టా ఏమిటి?’ అని కంగారుపడే అమ్మలు ఎందరో!

తిట్టేం కాదు లెండి. ఇంగ్లిషు ‘సస్పెక్ట్’, ‘సస్పీషియస్’లకి తోక కత్తిరిస్తే మిగిలేదే సస్. అనుమానించాల్సిందే, ఎక్కడో తేడాగా ఉంది అని అర్థం. 2018లో వచ్చిన ‘అమాంగ్ అస్’ వీడియో గేమ్ 2020 లాక్‌డౌన్ రోజుల్లో పిల్లల్ని ఊపేసింది. అంతరిక్ష నౌకలో మనవాడిలా నటిస్తూ తిరిగే దొంగని పట్టుకోవడమే ఆట. ‘ఎర్రవాడి మీద నాకు అనుమానంగా ఉంది’ అని టైపు చేసే ఓపిక ఎవరికుంది? ‘రెడ్ సస్’ అంటే సరి!

అయితే ఈ మాట పిల్లలు పుట్టించింది కాదు. బ్రిటన్‌లో ఇది పోలీసుల మాట. అక్కడ ‘సస్ లా’ అంటే జనం హడలిపోయేవారు. 1824 నాటి వేగ్రెన్సీ చట్టంలో నాలుగో సెక్షన్ అది. వీధిలో తచ్చాడే మనిషి నేరం చేసే ఉద్దేశంతో ఉన్నాడని పోలీసులకి అనిపిస్తే అరెస్టు చేసేవారు. వస్తువు పోనక్కర్లేదు, పోగొట్టుకున్నవాళ్లు రానక్కర్లేదు. ఇద్దరు పోలీసులు కోర్టులో చెబితే అదే సాక్ష్యం! 1970ల్లో దీనికి ఎక్కువగా బలైంది నల్లజాతి కుర్రాళ్లు. బడి నుంచి రావాల్సిన పిల్లాడు రాకపోతే ఆ తల్లి ముందు వెతికేది పోలీసు స్టేషన్లోనే.

ఆ తల్లులు ఏడుస్తూ కూర్చోలేదు. లండన్‌లోని లూయిషామ్ ప్రాంతంలో మేవిస్ బెస్ట్ అనే ఆవిడ, మరికొందరు ఆడవాళ్లు కలిసి ‘స్క్రాప్ సస్’ ఉద్యమం నడిపారు. స్టేషన్లకి వెళ్లి, ‘మా పిల్లాడేం చేశాడో చెప్పండి’ అని నిలదీసి మరీ విడిపించుకొచ్చేవారు. వంటపనీ, ఉద్యోగం, పైన ఈ తిరుగుడు! 1981 ఏప్రిల్‌లో బ్రిక్స్‌టన్‌లో పెద్ద అల్లర్లు జరిగాయి. ఆ ఏడాదే పార్లమెంటు కొత్త చట్టం తెచ్చి సస్‌ని రద్దు చేసింది. దారిలో ఆపి సోదా చేయడం మాత్రం వేరే చట్టాల కింద సాగుతూనే ఉంది. అది వేరే కథ.

ఇంతకీ సున్నుండల సంగతి... ‘అన్నయ్య తింటుంటే నువ్వు చూశావా?’ అని పాపనడిగాను.

‘‘లేదాంటీ... అనిపించింది, అంతే!’’