తొలి బ్రిటిష్ రేడియోలో ఒక సాయంత్రం: వినిపించినవి, వినిపించనివి

పదో తరగతి పిల్లలకు రేడియో నాటిక గురించి చెప్పేటప్పుడల్లా నేను 'డేంజర్'ను ఉదాహరణగా తీసుకునేవాణ్ని. రిచర్డ్ హ్యూస్ రాసిన ఈ నాటిక 1924 జనవరి 15న లండన్‌లో ప్రసారమైంది. రేడియో కోసమే రాసిన తొలి నాటికల్లో ఇది ప్రసిద్ధం. వేల్స్ బొగ్గుగనిలో దీపాలు ఆరిపోతాయి. మిగిలినదంతా చీకట్లో మాటలు, చప్పుళ్లు. శబ్దమే రంగస్థలమని బోధించి పాఠం ముగించేవాణ్ని. వస్తువును వదిలి శిల్పాన్ని మాత్రమే చెప్పానని ఆలస్యంగా గ్రహించాను.

ఈ నాటిక ఎలాంటి సాయంత్రాల మధ్య వచ్చిందో చూడాలి. బ్రిటిష్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ 1922 అక్టోబరులో ఏర్పడి, నవంబరు 14న ప్రసారాలు మొదలుపెట్టింది. దాన్ని స్థాపించినవారు కళాకారులు కారు, రేడియో పరికరాల తయారీదారులు. సెట్లు అమ్ముడుపోవాలంటే వినడానికి ఏదో ఒకటి ఉండాలి గదా! శ్రోత ఏడాదికి 10 షిల్లింగుల లైసెన్సు కట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని కూర్చునేవాడు.

సాయంత్రం పిల్లల కార్యక్రమం. పత్రికా యజమానుల ఒత్తిడి వల్ల 7 గంటలకు ముందు వార్తలు చదవరాదు. ఆ పైన వాద్యబృందం, ఒక చిన్న ప్రసంగం, ఒక హాస్యగాడు, రాత్రి పొద్దుపోయాక సవాయ్ హోటల్ నుంచి నృత్య సంగీతం. హాస్యగాడి పాట్లు చెప్పనలవి కావు. వేషం కనిపించదు, ఎదుట నవ్వే జనం లేరు. ఉన్నదంతా గొంతులోనే చూపాలి.

ఈ కదంబం యాదృచ్ఛికం కాదు. హాస్యం కోసం కూర్చున్నవాడి చెవిన శాస్త్రీయ సంగీతమూ పడాలన్నది జనరల్ మేనేజరు జాన్ రీత్ ఉద్దేశం. ఇందులో మేలు లేకపోలేదు. 1923 జనవరిలో కోవెంట్ గార్డెన్ నుంచి ఆపెరా ప్రసారమైనప్పుడు, ఆ హాలు గుమ్మం తొక్కలేని కుటుంబాలు కూడా వినగలిగాయి. సంస్కృతి కొందరి సొత్తు కారాదనేవాళ్లం దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం.

అయితే ఏది మంచిదో నిర్ణయించే హక్కు శ్రోతది కాదు. వివాదాస్పద విషయాల మీద నిషేధం 1928 మార్చి వరకూ తొలగలేదు. కనుక ప్రసంగం ఉంటుంది గాని వాదం ఉండదు.

దీని అర్థం 1926లో తేటతెల్లమైంది. కూలి తగ్గింపుకు ఒప్పుకోని పది లక్షలకు పైగా గనికార్మికులకు యజమానులు గనుల తలుపులు మూశారు. వారికి మద్దతుగా మే నెలలో తొమ్మిది రోజులు సార్వత్రిక సమ్మె సాగింది. పత్రికలు చాలావరకు ఆగిపోవడంతో దేశమంతా రేడియో మీదే ఆధారపడింది. ప్రధాని బాల్డ్విన్ మే 8న రీత్ ఇంటినుంచే మాట్లాడాడు. లేబర్ నాయకుడు రామ్సే మాక్డొనాల్డ్‌కు అవకాశం ఇవ్వలేదు. కార్మిక సంఘాల ప్రకటనలు వార్తల్లో చదివిన మాట నిజమే. కాని చదివింది అనౌన్సరు గొంతు. కార్మికుడి గొంతు కాదు.

ఇప్పుడు 'డేంజర్'ను మళ్లీ చూడండి. గనిలో చిక్కుకున్న ప్రధాన పాత్రలు కార్మికులు కారు, గని చూడవచ్చిన సందర్శకులు. కార్మికులు దూరంగా పాడుతుంటారు. రెండేళ్ల తరవాత జరిగినదానికి హ్యూస్‌ను బాధ్యుణ్ని చేయడం నా ఉద్దేశం కాదు. గనికార్మికుడి పాటకు చోటిచ్చిన రేడియో, అతని పక్షాన మాట్లాడేవారికి మైకు ఇవ్వలేదన్నదే నేను చెప్పేది.

ఇది పరాయి దేశపు ముచ్చట మాత్రమే కాదు. 1935లో మన దేశ ప్రసారాలకు అధిపతిగా వచ్చిన లయొనెల్ ఫీల్డెన్ ఆ బి.బి.సి. నుంచి వచ్చినవాడే. మా ఇంటి రేడియోలో వార్తలు, వ్యవసాయం, లలిత సంగీతం, నాటకం వరసగా వింటూ పెరిగిన నేను, ఆ వరస ఎవరు కూర్చారని ఏనాడూ అడగలేదు. ఇకమీదట నా తరగతిలో ఆ పాఠం చివర ఒక ప్రశ్న చేరుస్తున్నాను: ఈ నాటికలో ఎవరు మాట్లాడారు, ఎవరు పాడి ఊరుకున్నారు?