కారంచేడు చరిత్రకు చెదరని చిరునామా

కారంచేడు: 1985 జులై 17న ఈ గ్రామంలో ఆరుగురు దళితులను హతమార్చిన ఘటనపై పత్రికా కథనాలు, తీర్పులు, వ్యాసాలు అంతర్జాలంలో లభిస్తున్నాయి. వాటిని ఉటంకించే పలువురు బ్రౌజరులో కనిపించిన లంకెను యథాతథంగా రాసి వదిలేస్తున్నారు. కొన్నేళ్లకు ఆ లంకె నొక్కితే 'పేజీ లభించలేదు' అన్న సమాధానం ఎదురుకావచ్చు. ఇటువంటి ఘటనలో ఆధారం కనుమరుగైతే ఎవరు మరణించారు, ఎవరికి శిక్ష పడింది అన్న వాస్తవాలపైనే వివాదానికి తావు ఏర్పడుతుంది.

జిల్లా మారితే..

లంకె సూచించేది సమాచారం ఉన్న చోటునే తప్ప సమాచారాన్ని కాదు. ప్రకాశం జిల్లాలోని కారంచేడు 2022 ఏప్రిల్ 4న కొత్తగా ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరింది. జిల్లాల వారీగా పేజీలు అమర్చే వెబ్‌సైట్లలో ఇంతటి మార్పుతోనే పాత చిరునామా చెల్లకుండా పోవచ్చు. ఈ బెడద మనకే పరిమితం కాదు. అమెరికా సుప్రీంకోర్టు తీర్పుల్లో ఉదహరించిన లంకెల్లో సగం వరకు మొదటి సమాచారాన్ని చూపడం లేదని హార్వర్డ్ పరిశోధకులు 2013లో తేల్చారు.

సంఖ్య మారదు

దీనికి విరుగుడు శాశ్వత గుర్తింపు సంఖ్యలు. పరిశోధన పత్రాలకిచ్చే డీఓఐ సంఖ్య '10'తో మొదలవుతుంది. నెట్‌వర్క్ మారినా సెల్‌ నంబరు మారనట్లే, వ్యాసాన్ని వేరే సర్వరుకు తరలించినా డీఓఐ మారదు. ప్రచురణకర్త కొత్త చిరునామా నమోదు చేస్తే పాత సంఖ్యే పాఠకుణ్ని అక్కడికి చేరుస్తుంది. నమోదు చేయకుంటే మాత్రం ఆ సంఖ్యా నిరుపయోగమే! పీహెచ్‌డీ సిద్ధాంత గ్రంథాలను భద్రపరిచే శోధ్‌గంగలో ఇదే తరహా 'హ్యాండిల్' సంఖ్య ఉంటుంది. కారంచేడుపై కె.బాలగోపాల్ 1985లో 'ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ'లో రాసిన వ్యాసానికి జేస్టోర్ భాండాగారంలో స్థిర లంకె ఉన్నది.

తీర్పులకూ ఉంది

ఈ కేసులో సుప్రీంకోర్టు 2008 డిసెంబరు 19న ఒకరికి యావజ్జీవ శిక్ష, 29 మందికి మూడేళ్ల జైలు విధించింది. ఒకే తీర్పును ఒక్కో న్యాయపత్రిక ఒక్కో సంఖ్యతో ప్రచురించడం ఆనవాయితీ. 2023లో సుప్రీంకోర్టు పాత తీర్పులకు సైతం వర్తించేలా తటస్థ ఉటంకింపు సంఖ్యలను ప్రవేశపెట్టింది. అందులో సంవత్సరం, ఐఎన్‌ఎస్‌సీ అక్షరాలు, వరుస సంఖ్య ఉంటాయి. ఉటంకించేవారు దీనినే వాడటం మేలు.

దినపత్రికల వార్తలకు సాధారణంగా ఇలాంటి సంఖ్య ఉండదు. కనుక పత్రిక పేరు, ఎడిషను, తేదీ, శీర్షిక, పుట సంఖ్య తప్పక రాయవలసి ఉంటుంది. ఇంటర్నెట్ ఆర్కైవ్ వారి వేబ్యాక్ మెషీన్‌లో ఆ పేజీ ప్రతిని ఉచితంగా భద్రపరచి, ఆ లంకెను, భద్రపరచిన తేదీని అసలు లంకె పక్కనే చేర్చవచ్చు.